చీకట్లో ఒక గీత

తెలుగునాట ‘రేడియం’ అన్న ఒక్క మాట మూడు వేర్వేరు వస్తువులకు చెల్లుబాటవుతోంది. ఆటో వెనకా లారీ బంపరు మీదా అతికించే ఎర్ర, పసుపు పట్టీలు రేడియం. వాటిని కోసి ఇచ్చే కొట్టు రేడియం షాపు. పాతకాలపు చేతి గడియారంలో అర్ధరాత్రి పచ్చగా కనిపించే అంకెలు రేడియం. పిల్లల గదిలో పైకప్పుకు అంటించే ప్లాస్టిక్ నక్షత్రాలూ రేడియమే. మాట ఒకటే కాబట్టి వస్తువూ ఒకటేననుకుంటే డబ్బు దండగవుతుంది. బండికి వేసే పట్టీకి సొంత వెలుగు లేదు. తన మీద పడిన హెడ్‌లైటు కాంతిని వచ్చిన దారినే వెనక్కి పంపడం దాని పని. దాన్ని మెట్ల అంచుకు అతికిస్తే, కరెంటు పోయిన క్షణంలో మెట్టుతో పాటు అదీ మాయమవుతుంది. పాత గడియారం అంకెలకు పగలూ రాత్రీ తేడా లేదు; వెలుతురు చూపించకపోయినా అవి వెలిగేవి. మూడోది పగటి కాంతినో ట్యూబ్‌లైట్ కాంతినో కాసేపు తాగి, చీకటి పడ్డాక కొద్దికొద్దిగా వదులుతుంది. ఇంటి పనికి వచ్చేది ఈ మూడోదే. దాన్ని గ్లో పెయింట్ అందాం. ముందుగా రెండోదాని కథ తేల్చుకోవాలి, ఎందుకంటే ఈ పెయింట్ మాట ఎత్తగానే ఇంట్లో పెద్దలు అడిగే మొదటి ప్రశ్న దాని నుంచే వస్తుంది: రేడియం అంటే కేన్సర్ వస్తుందిగా?

ఆ భయం ఊరికే పుట్టలేదు. 1898లో క్యూరీ దంపతులు రేడియాన్ని కనుగొన్న కొన్నేళ్లకే దాన్ని జింక్ సల్ఫైడ్‌లో కలిపి గడియారాల ముఖాలకు పూసే పరిశ్రమ మొదలైంది. అమెరికాలోని న్యూజెర్సీలో, ఆరెంజ్ అనే ఊళ్లో ఆ పనిలో చేరిన అమ్మాయిలకు, కుంచె మొన సన్నగా రావాలంటే పెదవుల మధ్య పెట్టి తిప్పమని నేర్పారు. కుంచె తిప్పినప్పుడల్లా కొంచెం రేడియం కడుపులోకి పోయింది. అది కాల్షియంలా ఎముకల్లో చేరి కూర్చుంది. దవడలు పుచ్చిపోయాయి, కొందరు చనిపోయారు. 1927లో ఐదుగురు కోర్టుకెక్కితే మరుసటి ఏడు రాజీ కుదిరింది. ఇప్పుడు పెయింట్ కొట్లలో దొరికే గ్లో పెయింట్‌లో రేడియం లేదు, మరే రేడియోధార్మిక పదార్థమూ లేదు. అసలు జాగ్రత్త పడాల్సింది అటక మీది పాత గడియారం దగ్గర. రేడియం సగానికి తగ్గడానికి 1,600 ఏళ్లు పడుతుంది. దాని దెబ్బకు జింక్ సల్ఫైడ్ మాత్రం కొన్నేళ్లలోనే చచ్చిపోతుంది. అంకెలు వెలగడం మానేసినా రేడియం అక్కడే ఉంటుంది. అలాంటి గడియారం అద్దం విప్పకూడదు, పిల్లలకు ఆటవస్తువుగా ఇవ్వకూడదు.

కాంతిని తాగి వదిలే పదార్థం మనిషికి కొత్తేమీ కాదు. 1603 ప్రాంతంలో ఇటలీలోని బొలోన్యాలో విన్సెంజో కాషారోలో అనే చెప్పులు కుట్టేవాడు, బంగారం చేయాలన్న ఆశతో ఊరి పక్క కొండ మీది బరువైన రాళ్లు తెచ్చి బొగ్గుతో కాల్చాడు. బంగారం రాలేదు గానీ ఎండలో పెట్టిన రాయి చీకట్లో మెరిసింది. తర్వాత చాలాకాలానికి జింక్ సల్ఫైడ్‌లో కాస్త రాగి కలిపిన పొడి వచ్చింది; దాని పచ్చదనం నిమిషాల్లో నీరసించేది. పరిస్థితి మారింది 1993లో. జపాన్‌లోని నెమోటో కంపెనీలో యసుమిత్సు ఆవోకి, యూరోపియం, డిస్ప్రోసియం అనే లోహాలను అణుమాత్రం కలిపిన స్ట్రాన్షియం అల్యూమినేట్‌ను తయారుచేశారు. పాత పొడి కంటే ఇది సుమారు పదిరెట్లు వెలుగుతుంది, రాత్రంతా ఎంతో కొంత నిలుస్తుంది. కొట్లో రెండూ ‘నైట్ గ్లో’ పేరుతోనే ఉంటాయి. డబ్బా మీద స్ట్రాన్షియం అల్యూమినేట్ అని ఉందో లేదో చూడండి. లేకపోతే చిన్న డబ్బా కొని, అట్టముక్క మీద పూసి, ఆరాక ట్యూబ్‌లైట్ కింద పావుగంట ఉంచి, బీరువాలో పెట్టి రెండు గంటల తర్వాత చీకట్లో తీసి చూడండి. కనిపిస్తే మెట్లకు పనికొస్తుంది. కళ్లు జిగేలుమనే నియాన్ రంగులను ఫ్లోరోసెంట్ అంటారు. పైన కాంతి పడినంతసేపే వాటి ఆర్భాటం, లైటు తీస్తే అవీ నల్లనే.

లోపల జరిగేది కొంచెం తెలిస్తే మిగతా సలహాలన్నీ వాటంతటవే అర్థమవుతాయి. కాంతి పడినప్పుడు స్ఫటికంలోని ఎలక్ట్రాన్లు ఎగిరి, అక్కడక్కడా ఉన్న గుంటల్లో చిక్కుకుంటాయి. గది వెచ్చదనమే వాటిని మెల్లగా పైకి తోస్తుంది. బయటపడ్డ ఎలక్ట్రాన్ తన చోటికి చేరుతూ కొంచెం కాంతి వదులుతుంది. లోతు తక్కువ గుంటలు ముందే ఖాళీ అవుతాయి, లోతైనవి ఖాళీ కావడానికి గంటలు పడుతుంది. అందుకే వెలుగు మొదట జారుడుబండ మీదలా దిగి, ఆ తర్వాత నత్తనడక నడుస్తుంది. లెక్క సుమారుగా ఇలా ఉంటుంది: గడిచిన సమయం పదింతలైతే వెలుగు పదో వంతవుతుంది. రాత్రి 10 గంటలకు లైటు ఆపితే, 10:10కి ఉన్న వెలుగులో తెల్లవారుజామున 3 గంటలకు మిగిలేది ముప్పయ్యో వంతు. గది దీపం కింద తెల్లకాగితం ఎంత కాంతిగా కనిపిస్తుందో, మంచి గ్లో పెయింట్ గంట తర్వాత అందులో వెయ్యో వంతు కూడా ఉండదు.

ఈ అంకెలు చూసి పెదవి విరవాల్సిన పని లేదు, ఎందుకంటే అవతలి వైపు మన కన్ను ఉంది. చీకట్లోకి వచ్చిన కన్ను 20 నుంచి 30 నిమిషాల్లో తన శక్తిని వేల రెట్లు పెంచుకుంటుంది. పెయింట్ తగ్గుతూ పోయేకొద్దీ కన్ను పెరుగుతూ పోతుంది. హఠాత్తుగా కరెంటు పోయినప్పుడు కన్ను గుడ్డిదే, కానీ అప్పుడే పెయింట్ నిండుగా ఉంటుంది. తెల్లవారుజామున నిద్రలేచినప్పుడు పెయింట్ ఓపిక అయిపోవచ్చింది, కన్ను మాత్రం పూర్తిగా సిద్ధంగా ఉంది. రాత్రి చూపుకు పనిచేసే కణాలకు సుమారు 507 నానోమీటర్ల కాంతి అన్నిటికంటే బాగా తెలుస్తుంది. ఈ పెయింట్‌లోని పచ్చరకం వదిలేది 520 దగ్గర. ఎరుపు, నారింజ గ్లో రంగులు అందంగా ఉన్నా చప్పగా కనిపించడానికి ఇదీ ఒక కారణం. కాబట్టి పనికోసం కొనేటప్పుడు పచ్చదో నీలిపచ్చదో కొనాలి.

ఈ రెండు సంగతులూ కలిపి చూస్తే ఒక నిర్ణయానికి రాక తప్పదు. గ్లో పెయింట్ దీపం చేసే పని చేయలేదు, దాని పని గుర్తు చూపించడం. దాని వెలుగులో పుస్తకం చదవలేం, నేల మీది తేలును చూడలేం. ఆ గుర్తు ఉన్నచోటు మాత్రం స్పష్టంగా తెలుస్తుంది. గోడ మొత్తానికి పూసి గది వెలిగిపోతుందని ఆశపడినవాళ్లకు మిగిలేది నిరాశే. చీకట్లో చెయ్యి తడుముకునే చోట, కాలు తడబడే చోట మాత్రమే పూస్తే, చిన్న డబ్బా ఇల్లంతటికీ సరిపోతుంది. ఎక్కువ గుర్తులు పెడితే ఏది దేనికో తెలియక మళ్లీ గందరగోళమే. ఒక ఇంటికి ఏడెనిమిది చాలు.

ఈ వాదనకు పెద్ద సాక్ష్యం న్యూయార్క్‌లో ఉంది. 1993 ఫిబ్రవరి 26న వరల్డ్ ట్రేడ్ సెంటర్ కింద బాంబు పేలినప్పుడు కరెంటు పోయింది, మెట్లదారులు పొగతో నిండిపోయాయి. వేలమంది కటిక చీకట్లో, ముందున్నవారి భుజం పట్టుకుని గంటల తరబడి దిగారు. ఆ తర్వాత ఆ భవనాల మెట్లకు, రెయిలింగులకు కాంతిని దాచుకునే పెయింట్ గీతలు వేశారు. 2001 సెప్టెంబరు 11న అవే మెట్ల మీదుగా వేలమంది దిగి బతికారు. ఆ ప్రాణాలన్నీ గీతలే కాపాడాయనడం అతిశయోక్తి. మెట్ల దీపాలు చాలాచోట్ల ఆ రోజు వెలుగుతూనే ఉన్నాయి. అయినా నగరపాలకులు పాఠం నేర్చుకున్నారు. 2004లో వచ్చిన స్థానిక చట్టం 26, ఎత్తయిన ఆఫీసు భవనాల మెట్లకు ఈ గీతలను తప్పనిసరి చేసింది. ప్రయాణికుల ఓడల్లో నేలకు దగ్గరగా దారి చూపే గుర్తులకూ ఇదే పదార్థం వాడతారు, ఎందుకంటే పొగ పైకి లేస్తుంది, మనిషి పాకుతూ పోతాడు. వీటిలో ఏ ఒక్కచోటా గోడ నిండా పూయలేదు. అంచు, మలుపు, గడియ, ద్వారం, అంతే.

ఇంటికి తెచ్చుకుంటే మొదటి వరస మేడమెట్లదే. మెట్ల మీద పడేది ఎక్కువగా మధ్యలో కాదు. లేని మెట్టు ఉందనుకుని కాలు దించినప్పుడో, ఉన్న మెట్టు అయిపోయిందనుకుని ముందుకు వేసినప్పుడో. అందువల్ల అన్ని మెట్లకూ ఓపిక లేకపోతే పై మెట్టుకూ కింది మెట్టుకూ పూసినా సగం పని అయినట్టే. గీత మెట్టు ముక్కు మీద, పై నుంచి చూసినా కింద నుంచి చూసినా కనిపించేలా, రెండు వేళ్ల వెడల్పున, మెట్టు ఈ కొస నుంచి ఆ కొస దాకా రావాలి. చుక్కలు పెట్టి సరిపెట్టకూడదు. కటిక చీకట్లో ఒంటరి చుక్కను తదేకంగా చూస్తే అది కదులుతున్నట్టు అనిపిస్తుంది. కన్ను చేసే ఈ మాయను మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఎప్పుడో గుర్తించారు. కదిలే చుక్కను నమ్మి కాలు వేయడం ప్రమాదం. గీతకైతే పొడవూ దిశా ఉంటాయి, వరసగా నాలుగు గీతలుంటే మెట్ల వాలు కూడా తెలుస్తుంది. మరో కిటుకు: బాగా మసకబారిన గీతను సూటిగా చూస్తే మాయమవుతుంది, కొంచెం పక్కకు చూస్తే కనిపిస్తుంది. రాత్రి చూపు కణాలు కంటి నడిమధ్యన ఉండవు, చుట్టూ ఉంటాయి. ఇంట్లో అందరికీ ఈ సంగతి ఒకసారి చెప్పి ఉంచాలి.

మెట్ల తర్వాత చెయ్యి వెతికేవి. మెయిన్ స్విచ్ పెట్టె మూతకు బయట ఒక అంచు గీత. లోపల ఎంసీబీల మీద మాత్రం ఏ పెయింటూ పూయొద్దు. టార్చిలైటు పెట్టే మేకు చుట్టూ గోడ మీద ఒక వలయం. టార్చి తీసేస్తే ఖాళీ వలయం కనిపించి, తిరిగి పెట్టమని ఇంట్లోవాళ్లకు గుర్తు చేస్తుంది. బాత్రూం లోపలి గడియ పక్కన చిన్న గీత ఉంటే, లోపలున్న పిల్ల కరెంటు పోయినా కంగారుపడదు. వీధి తలుపు తాళం కన్ను చుట్టూ ఒక గీత. వీటన్నిటికంటే గ్యాస్ సంగతి ముఖ్యం. రాత్రిపూట వంటింట్లో గ్యాస్ వాసన వస్తే లైటు స్విచ్ వేయకూడదు, ఆపకూడదు, అగ్గిపుల్ల గీయకూడదు. సిలిండర్ రెగ్యులేటర్‌ను చీకట్లోనే కట్టేసి, కిటికీలు తెరిచి, బయటికొచ్చి 1906కు ఫోన్ చేయాలి. ఇలాంటి ఘడియలో రెగ్యులేటర్ ఎత్తున వెనక గోడ మీద ఉన్న అడ్డగీత నిజంగా అక్కరకొస్తుంది. రెగ్యులేటర్‌కే పూయక్కర్లేదు. ఒక్క షరతు: సిలిండర్ గట్టు కింద తలుపులేసిన అరలో ఉంటే అక్కడికి కాంతి చేరదు, కాంతి చేరని గీత వెలగదు. అప్పుడు ఆ అర తలుపు బయటివైపు, పిడి పక్కన గీయడమే మిగిలిన మార్గం.

చేతిలో ఫోన్ ఉండగా ఇదంతా ఎందుకు అన్న ప్రశ్న సమంజసమే. ఫోన్ టార్చి దగ్గరుంటే దానికి సాటి లేదు. అయితే కరెంటు పోయిన క్షణంలో ఫోన్ ఎక్కడుందో కూడా చీకట్లోనే వెతకాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తీరం దాటాక విశాఖలో చాలా ఇళ్లకు రోజుల తరబడి కరెంటు రాలేదు. అలాంటప్పుడు ఫోన్ బ్యాటరీని కబురు కోసం దాచుకోవాలి, మెట్లు దిగడానికి ఖర్చుపెట్టలేం. కిటికీ వెలుతురు తగిలే గీతకు కరెంటుతో నిమిత్తం లేదు, పగలు నిండుతుంది, రాత్రి వెలుగుతుంది. వెలుతురు తగలని గీతనైనా టార్చితో దగ్గర నుంచి కొన్ని సెకన్లు చూపిస్తే మళ్లీ కాసేపు నిలుస్తుంది. ఇన్వర్టర్ ఉన్న ఇంట్లో అవసరం తగ్గుతుందన్నదీ ఒప్పుకోవాలి. కానీ ఇన్వర్టర్ బ్యాటరీ దిగిపోయినప్పుడు, షార్ట్ సర్క్యూటై మెయిన్ పడిపోయినప్పుడు, దాని దగ్గరికి వెళ్లాల్సింది చీకట్లోనే.

జీరో బల్బు సంగతి వేరు. రాత్రి రెండు మూడుసార్లు లేచే పెద్దవాళ్లున్న ఇంట్లో జీరో బల్బునో, మనిషి కదిలితే వెలిగే సెన్సర్ దీపాన్నో తీసేసి గ్లో పెయింట్ పెట్టడం తప్పు. నేల మీద ఒలికిన నీళ్లు, మడతపడ్డ పట్టా, అడ్డంగా వదిలిన చెప్పు, వీటిని గీత చూపించలేదు. కంటి శుక్లం ఉన్నవాళ్లకు ఆ కొద్దిపాటి వెలుగు కనిపించకపోవచ్చు కూడా. వాళ్లకు దీపం ఉండాలి. మంచం నుంచి బాత్రూం దాకా గోడ అంచున, చేతికర్ర పెట్టే మూలలో, పట్టుకునే కడ్డీ మీద గీతలు ఆ దీపానికి తోడుగా ఉండాలి. ఏ రోజైనా దీపం వెలగకపోతే గోడ ఏ వైపుందో తెలుస్తుంది.

పూసే పద్ధతిలో తొందరపడితే మంచి పెయింట్ కూడా చెడిపోతుంది. ఈ పెయింట్ పలచని పాలలాంటిది, కింది రంగును కప్పలేదు. నల్లగ్రానైట్ మీదో కాఫీరంగు తలుపు మీదో నేరుగా పూస్తే వెలుగులో చాలా భాగాన్ని ఆ ముదురు రంగే మింగేస్తుంది. ముందు గరుకు కాగితంతో రుద్ది, తుడిచి, తెల్ల పెయింట్ వేసి ఆరనివ్వాలి. తెలుపు కింది వైపు పోయే కాంతిని పైకి తిప్పుతుంది. పొడి బరువైనది, డబ్బా అడుగుకు చేరుతుంది; ప్లాస్టిక్ పుల్లతోనో కర్రపుల్లతోనో అడుగు నుంచి కలపాలి, పూస్తున్నంతసేపూ మధ్యమధ్య మళ్లీ కలపాలి. ఇనుప స్క్రూడ్రైవర్‌తో కలిపితే గట్టి రేణువులు లోహాన్ని గీకి పెయింట్ బూడిదరంగుకు తిరుగుతుంది. ఒకటే మందపు పూత కంటే మూడు పలచని పూతలు మంచివి, ఒక్కోటి పూర్తిగా ఆరాక. నచ్చిన రంగు కోసం మామూలు పెయింట్ కలపొద్దు, ఆ రంగు వచ్చే కాంతినీ పోయే కాంతినీ రెంటినీ మింగుతుంది. విడిగా పొడి కొని వార్నిష్‌లో కలిపేవాళ్లు మూతికి మాస్క్ కట్టుకోవాలి. తినే పళ్లాలకు, పసిపిల్లలు నోట పెట్టే బొమ్మలకు ఇది తగదు.

నీళ్లు దీనికి శత్రువు. స్ట్రాన్షియం అల్యూమినేట్ తడికి మెల్లగా విడిపోయి శక్తి పోగొట్టుకుంటుంది. 2014లో నెదర్లాండ్స్‌లోని ఓస్ దగ్గర, డాన్ రోజ్‌గార్డే రూపకల్పనతో హైవే అంచులకు వీధిదీపాల బదులు ఇలాంటి గీతలు వేశారు, ప్రపంచమంతా మెచ్చుకుంది. వానలు, తేమ వచ్చేసరికి వెలుగు తగ్గిపోయి ఆ పని మళ్లీ చేయాల్సి వచ్చింది. మన దగ్గర రెండు ఋతుపవనాలు తడిపే కోస్తాలో, బాత్రూం గోడల మీద ఆ ఇబ్బంది ఇంకా ఎక్కువ. ఆఖరి పూత ఆరాక పైన పారదర్శకమైన పాలీయురేథేన్ వార్నిష్ రెండుసార్లు వేయాలి, గీత అంచులు దాటి వేలెడు బయటికి వచ్చేలా. నడిచే మెట్ల మీద అదీ అరుగుతుంది. ఏడాదికోసారి, దసరాకో సంక్రాంతికో ఇల్లు దులిపేటప్పుడు చూసుకోవాలి. బల్బు సంగతి కూడా: పసుపురంగు వార్మ్ ఎల్ఈడీలో నీలికాంతి తక్కువ, గీత సరిగా నిండదు. మెట్లదారిలో తెల్లటి ఎల్ఈడీ ఉంటే అదే బల్బు ఖర్చుతో గీతకు రెట్టింపు మేలు.

సరదా కోసం పూసేటప్పుడు కూడా గుర్తు అన్న సూత్రాన్ని వదలకపోతే బాగుంటుంది. పిల్లల గది పైకప్పుకు నక్షత్రాలను ఇష్టమొచ్చినట్టు చల్లితే నాలుగు రాత్రుల్లో మోజు తీరిపోతుంది. అదే పెయింట్‌తో, సన్నని కుంచెతో సప్తర్షి మండలాన్ని ఉన్నదున్నట్టు దించి చూడండి. నాలుగు చుక్కలు మంచంలా, మూడు చుక్కలు వంకర తోకలా. మంచానికి తోక లేని వైపున్న రెండు చుక్కల మధ్య దూరాన్ని దారంతో కొలిచి, అదే వరసలో ఐదింతలు ముందుకు సాగదీస్తే ధ్రువ నక్షత్రం చోటు దొరుకుతుంది. ఆ వరసను గది ఉత్తర దిక్కుకు కలిపితే పడుకున్న పిల్లకు దిక్కు కూడా తెలుస్తుంది. ఎదుటి మూలలో పిల్లలకోడి చుక్కల గుంపు, వేటగాడి నడుము మీది మూడు చుక్కలు. ప్రకాశమైన నక్షత్రానికి పెద్ద చుక్క, మసకదానికి చిన్నది. వేసవి రాత్రి డాబా మీదికి తీసుకెళ్లి ఉత్తరం వైపు నిలబెట్టి, పైకప్పు మీది లెక్కతోనే వెతకమనండి. హైదరాబాదు నుంచి చూస్తే ధ్రువ నక్షత్రం దిగంతానికి 17 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది. చెయ్యి పూర్తిగా చాచి, పిడికిలి మీద పిడికిలి పెడితే దాదాపు అంత ఎత్తు. పక్కింటి నీళ్లట్యాంకు అడ్డొస్తే రెండడుగులు పక్కకు జరగాలి.